నెత్తుటి చుట్టరికం

కైలాసం గుమ్మం ముందు సమ్మవ్వ కొడవలి పట్టుకుని నిలబడింది. లోపల్నుంచి దగ్గుతూ “ఎవలు?” అని అతను అడిగాడు. కథ అంతదాకా వచ్చింది. ఈ వారమే పత్రిక చేతికందిన వాళ్ల కోసం రెండు మాటలు. నస్పూర్ బొగ్గుబావి కార్మికుడు బుచ్చిరాములు తొంభై ఆరులో ఎయిడ్స్‌తో చనిపోయాడు. అతని భార్య సమ్మవ్వకూ ఆ జబ్బు ఉన్నట్టు తేలింది. “నీ మొగుడు తిరుగుబోతు, తెచ్చి నీకు అంటించిండు” అని ఆమె ముఖాన చెప్పింది పట్నంలో పేరున్న డాక్టర్ ఉపేందర్‌రావు. ఆ మాట నమ్మిన సమ్మవ్వ, మొగుడి మీద కసి అతను బతికుండగానే తీర్చుకుంది. మొగుణ్ణి లారీలో సరిహద్దు అవతలి చాందా తీసుకుపోయి చెడగొట్టాడని ఆమె అనుకుంటున్న డ్రైవర్ కైలాసం ఇంకా మిగిలాడు. రెండేళ్లు ఆ కసి మోసుకుని తిరిగి, ఈ రోజు పొద్దున్నే అతని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

తలుపు తెరుచుకుంది. తెరిచిన మనిషిని సమ్మవ్వ ఒక పట్టాన పోల్చుకోలేకపోయింది. చొక్కా గుండీలు తెగేంత ఛాతీ ఉన్న కైలాసం, బండ పాటలు పాడుతూ స్టీరింగు తిప్పే కైలాసం, ఇప్పుడు తలుపుకు ఆనుకుంటే గాని నిలబడలేని ఎముకల పోగు. జాలి రాలేదు ఆమెకు. తనకంటే ముందే ఎవరో వచ్చి తన పని చేసిపోయినట్టు ఒళ్లు మండింది.

“లోపలికి రా చెల్లె,” అన్నాడు కైలాసం. కొడవలి వంక చూశాడు గాని వెనక్కి జరగలేదు. “ఎందుకొచ్చినవో ఎరికే. కొట్టే ముందట ఒక్క మాట విను.”

“చాలు. మీ ఇద్దరి మాటలు చానా విన్న. చాందాల ఆయన అక్కను చూసొస్తమని చెప్పి వారం పోతిరి. గప్పుడు గూడ ఒక్క మాటేనంటివి.”

“బుచ్చన్న నా లారీల రెండుసార్లు వచ్చిండు. అక్కను చూసెటందుకే వచ్చిండు. దారిల ఏడ ఆపినా కిందికి దిగలే, క్యాబిన్ల ముసుగు తన్ని పండేటోడు. దిగింది నేను. నా పాపం నాది. దాన్ని ఆయన నెత్తిన పెట్టకు. సచ్చినోడు.”

“నా ముందట ఆయనను మంచోన్ని చేస్తున్నవా?” అరిచింది సమ్మవ్వ. కొడవలి పైకి లేచింది.

ఆ చెయ్యి కిందికి రాలేదు. వెనకనుంచి ఎవరో మణికట్టు పట్టుకున్నారు. వాకిట్లో ఆగిన జీపు చప్పుడు ఆమెకు వినిపించలేదు. వచ్చింది డాక్టర్ మనోరమ. జగిత్యాల దిక్కు భూస్వాముల ఇంటి ఆడపిల్ల. హైదరాబాద్ ప్రయోగశాలలో ఈ జబ్బు మీదే పనిచేస్తోంది. మూడేళ్లుగా బొగ్గుబావుల కాలనీల్లో, ఏజెన్సీ ఊళ్లలో తిరిగి రోగుల నెత్తురు తీసుకుపోతోంది. ఆసుపత్రిలో పడి ఉన్న బుచ్చిరాములు దగ్గరా తీసుకుంది, ఆ తర్వాత సమ్మవ్వ దగ్గరా, కైలాసం దగ్గరా తీసుకుంది. ఆమె పరీక్షలు ఏం చెప్పాయో కైలాసానికి చెప్పి, అక్కణ్నుంచి సమ్మవ్వ క్వార్టర్‌కే పోదామని బయల్దేరి వచ్చింది.

“ఇడువు డాక్టరమ్మా. నీకు సంబంధం లేదు.”

“ఇడుస్త. ముందు నేను చెప్పేది విను. విన్నంక గూడ కొట్టాలనిపిస్తే నేను అడ్డం రాను.”

సమ్మవ్వ కూర్చోలేదు. కొడవలి కింద పెట్టలేదు. గోడకు చేరబడి నిలబడింది. మనోరమ గుమ్మంలోనే కూర్చుంది.

“సమ్మవ్వా, మీ కాలనీల మంది ఎక్కడెక్కడి నుంచో వచ్చిన్రు గదా. నోరు తెరిస్తే ఎవరు ఏ దిక్కోళ్లో నీకు తెలుస్తదా?”

“తెల్వకేంది? ఆసిఫాబాద్ దిక్కోళ్ల మాటల మరాఠీ కలుస్తది. పెద్దపల్లోళ్లు మా లెక్క మాట్లాడుతరు. గిప్పుడు గదెందుకు?”

“ఈడ పుట్టిన వాళ్ల పిల్లల మాటో?”

“అది మారింది. కని తల్లిగారి దిక్కు మాట ఏడనో ఒక దగ్గర బయటపడతది.”

“ఈ జబ్బు పురుగు గూడ అంతే. ఒంట్లకు పోయినంక ఊకుండదు. రోజూ కోట్ల పిల్లలు పెడుతది. పెట్టినప్పుడల్ల జరంత తేడ వస్తది, రూపు మారుతది. ఒకరి నుంచి ఇంకొకరికి పోయినంక ఆడ ఇంకో తీరుగ మారుతది. ఏండ్లు గడుస్తుంటే ఒక్క జిల్లాలనే ఎన్నో తీర్లయితది. ఎంత మారినా, ఏ దిక్కు నుంచి వచ్చిందో ఆ గుర్తు మిగులుతది. ఎక్కువ మారితే వేరుపడి ఎక్కువ ఏండ్లయినట్టు. నేను మూడేండ్ల సంది చూస్తున్నది గదే.”

సమ్మవ్వ చూపు కైలాసం మీదికి పోయింది.

“ఆయన ఒంట్ల ఉన్నది చాందా, నాగపూర్ రోడ్డుది,” అంది మనోరమ. “ఆ రోడ్డు మీది డ్రైవర్లందరిదీ దగ్గర దగ్గరగ ఉన్నది. నీ పెనిమిటిది గది కాదు. గీ రెండూ వేరుపడి చానా ఏండ్లయింది. కైలాసం నుంచి గాని, కైలాసం పోయిన తావుల నుంచి గాని నీ పెనిమిటికి రాలే.”

కైలాసం కళ్లు మూసుకున్నాడు. సమ్మవ్వ మాత్రం తగ్గలేదు.

“గట్లయితే ఇంకేడికో పోయిండు. నాకు చెప్తడా?”

“నేనూ గట్లనే అనుకున్న. నీదీ ఆయనదీ ఒక్క తీరుగనే ఉన్నది, మొగడు పెండ్లాలకు గట్లనే ఉంటది. కని నీలాంటోళ్లు ఇంకో ఇద్దరు ఆడోళ్లు దొరికిన్రు. ఒకామె ఉట్నూరు అవతల. ఇంకొకామె నిర్మల్ల బొమ్మలకు రంగులేసేటోళ్ల ఇంటి కోడలు. పేర్లు నేను చెప్పొద్దు. వాళ్ల ఒంట్ల పురుగు, నీ ఒంట్ల పురుగు ఒక్క తల్లి పిల్లల లెక్క ఉన్నయి. మూడు దిక్కులా ఇంచుమించు ఒక్కంతనే మారినయి. ఆరేడేండ్ల కింద ఒక్క దగ్గర్నుంచే ముగ్గురికీ వచ్చినట్టు.”

“వాళ్ల మొగోళ్లు గూడ తిరిగిండ్రు కావచ్చు.”

“వాళ్ల మొగోళ్లకు జబ్బే లేదు సమ్మవ్వా. ఇద్దరినీ రెండేసిసార్లు పరీక్ష చేసిన.”

ఆ మాట సమ్మవ్వ చెవిన పడింది గాని, లోపలికి దిగటానికి కొంత సమయం పట్టింది. మొగోళ్లకు లేదు. ఆడవాళ్లకు ఉంది. ఆ ఆడవాళ్లదీ తనదీ ఒకటే.

“మరి వాళ్లకు ఏడికెళ్లి వచ్చింది?”

“వాళ్లను నువ్వు ఎన్నడూ చూడలే. నీ పెనిమిటీ చూడలే. మీ ముగ్గురూ కలిసిన జాగా ఒక్కటే ఉన్నది. తొంభై రెండు ఎండకాలంల ముగ్గురికీ కాన్పు కష్టమైంది. ఒక్క దవఖానలనే. ముగ్గురికీ సీసాల నెత్తురు ఎక్కించిన్రు. నెత్తురు అమ్ముకునే ఒక్క మనిషి దగ్గర కొన్నరు, పరీక్ష చెయ్యకుండ ఎక్కించిన్రు. పరీక్ష చెయ్యాలన్న రూలు అప్పటికే ఉన్నది.”

సమ్మవ్వకు ఆ ఎండాకాలం గుర్తొచ్చింది. పుట్టీ పుట్టగానే కన్నుమూసిన ఆడపిల్ల. మంచం పక్కన ఇనుప కొక్కానికి వేలాడిన సీసా. చుక్క చుక్కగా అది దిగుతుంటే బుచ్చిరాములు ఆ చుక్కలనే చూస్తూ నిలబడ్డాడు. “ఇంకో సీస గూడ ఎక్కియ్యుండ్రి సారు, నా పెండ్లాం బతకాలె” అని డాక్టర్ చేతులు పట్టుకున్నాడు.

“అంటే…” అంది సమ్మవ్వ. “ఆయన తేలే. నేనే ఆయనకు…”

“నీకు తెల్వదు సమ్మవ్వా.”

“ఆయనకు తెలుసు,” అంది సమ్మవ్వ. “తను ఏడికీ పోలేదని ఆయనకు తెలుసు. కొండగట్టు అంజన్న మీద ఒట్టేసిండు. నేను నమ్మలే.”

కొడవలి ఎప్పుడు చేజారిందో ఆమెకు తెలియదు. కైలాసం వంగి దాన్ని తీసి గూట్లో పెట్టాడు. సమ్మవ్వ అతని వైపు తిరిగింది.

“నీ పెండ్లాం ఏడున్నది?”

“లక్షెట్టిపేటల. తల్లిగారింట్ల.”

“నీ జబ్బు సంగతి వాళ్లింట్ల చెప్పింది నేనే.”

“ఎరికే చెల్లె.”

సమ్మవ్వ కొంగు బిగించి నడుముకు చుట్టింది.

“గా దవఖాన ఉపేందర్‌రావుది,” అంది మనోరమతో. “నన్ను ముంచింది ఆయనే, నా మొగుణ్ణి తిరుగుబోతన్నదీ ఆయనే. నేను ఇప్పుడే పోత. వస్తవా, నడిచి పొమ్మంటవా?”

మనోరమ గుమ్మంలోంచి లేచింది. “వస్త. కని నువ్వు ఎవరితోని వస్తున్నవో తెలుసుకొని జీపెక్కు. ఉపేందర్‌రావు నా సొంత అన్న.”

సమ్మవ్వ ఆమెను పైనుంచి కిందికి చూసింది. “మరి గిదంత నాకెందుకు చెప్పినవ్?”

“చెప్పకుండ ఉండొచ్చేమోనని వారం రోజులు చూసిన. ఉండలేకపోయిన.”

సమ్మవ్వ వెళ్లి జీపులో కూర్చుంది.

దారి పొడవునా బుచ్చిరాములు ఆఖరి రోజులు ఆమె కళ్ల ముందు తిరిగాయి. క్వార్టర్ వెనక రేకుల కింద అతనికి మంచం వేసింది. పళ్లెం కర్రతో జరిపింది. “సమ్మీ, నేను తప్పు చెయ్యలేదే” అని అతను అన్నప్పుడల్లా రేడియో శబ్దం పెంచింది. ప్రాణం పోయిన రోజు మధ్యాహ్నం దూప అయితుంది, నీళ్లియ్యమని పిలిచాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది. పిలుపు ఆగిపోయాక కూడా చేటలో బియ్యం అయిపోయేదాకా లేవలేదు. తనను ముంచినవాడికి తగిన శాస్తి జరుగుతోందని అప్పుడు ఆమె గుండె చల్లబడింది. ఆ చల్లదనాన్నే ఇప్పుడు ఆమె భరించలేకపోతోంది. దాన్ని ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి. ఎవరికో ఆమెకు తెలుసు.

దవాఖానా కింద, ఇల్లు పైన. మధ్యాహ్నం రోగులు పల్చబడ్డాక ఉపేందర్‌రావు తన గదిలో ఉన్నాడు. చెల్లెల్ని చూసి నవ్వాడు. వెనక సమ్మవ్వను చూసి నవ్వు ఆపాడు.

మనోరమ చెప్పాల్సింది నిలబడే చెప్పింది. కాన్పులు, సీసాలు, ముగ్గురు ఆడవాళ్లు. ఆయన ఆపకుండా విన్నాడు. విన్న తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“మనో, నువ్వు ప్రయోగశాలల కూసుండి చెప్తున్నవ్. ఆ రోజులల్ల ఈడ నెత్తురు కావాలంటే అమ్ముకునేటోడే దిక్కు. కాన్పుల నెత్తురు పోయి మనిషి సచ్చిపోతుంటే, పరీక్ష కాయితం హైదరాబాద్ నుంచి వచ్చేదాక ఆగాల్నా? ఈమె బతికిందంటే ఆ సీసతోనే బతికింది.”

“బతికించినవ్ సారు,” అంది సమ్మవ్వ. ఆమె గొంతు చాలా మెల్లగా ఉంది. “గా సీసల ఏమున్నదో నీకు గప్పుడు తెల్వదు. నేను ఒప్పుకుంట. మరి ఎన్నడు తెలిసింది?”

“ఎన్నడేంది? ఇప్పుడు మనో చెప్తేనే తెలిసింది.”

“అంజన్న మీద ఒట్టేస్తవా?”

ఉపేందర్‌రావు విసుగ్గా చెయ్యి విదిల్చాడు. “ఒట్లు, గిట్లు నా దగ్గర పెట్టకు. నీకు బాధ ఉంటది, అర్థమైతది. మందుల సంగతి నేను చూస్త. ఇగ పో.”

అప్పుడే మేడమెట్ల వైపు తలుపు తెరుచుకుంది. ఉపేందర్‌రావు భార్య దేవకి మెట్ల కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి వచ్చింది. ఆడబిడ్డ గొంతు విని వచ్చినట్టుంది.

“ఎప్పుడొచ్చినవ్ మనోరమా? పైకి రాకుండ ఈడనే కూసున్నవేంది?”

సమ్మవ్వ ఆమెను చూసింది. చూస్తూనే ఉండిపోయింది. మెడ నుంచి భుజం మీదికి పాకి ఎండిన సర్పి మచ్చలు. పెదవుల మూలల్లో తెల్లటి పూత. చెంపలు లోపలికి పోయి, కళ్లు మాత్రం పెద్దవైన ముఖం. బుచ్చిరాములు కూడా సరిగ్గా ఇలాగే మొదలయ్యాడు. డాక్టర్లు చెప్పకముందే ఏ వరసలో ఏమొస్తుందో ఆమె తన ఇంట్లో చూసింది.

“పానం బాగలేదా అమ్మా?” అని అడిగింది.

ఈ మనిషి ఎవరో దేవకికి తెలియదు. అయినా అంత మెత్తగా అడిగినవాళ్లు చాలా రోజులుగా ఎవరూ లేరేమో, జవాబు చెప్పింది. “టీబీ అన్నరు. మూడేండ్ల సంది మందులు మింగుతున్న, తగ్గుతలేదు. బాబు పుట్టినకాడి నుంచే బలం లేదు నాకు. కాన్పయినంక నెత్తురు చానా పోయింది.”

మనోరమ ఆమె ముందుకు వచ్చింది. “వదినా, నీకు నెత్తురు ఎక్కించిన్రా?”

“ఎక్కించిన్రు. మీ అన్ననే సీస తెప్పించిండు. తొంభై రెండు ఎండకాలం, ఈడ ఎన్ని కష్టం కాన్పులో…”

“అన్నా!” అంది మనోరమ.

ఉపేందర్‌రావు లేచాడు. “దేవకీ, పైకి పో. నేను వస్త.”

కానీ సమ్మవ్వ అప్పటికే లెక్క కట్టుకుంది. మూడేండ్లు. బుచ్చిరాములు పోయి రెండేండ్లు.

“మూడేండ్ల సంది,” అంది. “అంటే నా పెనిమిటిని గిదే అర్రల నిలబెట్టి, నా ముందట తిరుగుబోతన్ననాడు, నీ పెండ్లానికి గీ జబ్బున్నదని నీకు ఎరికే. అది ఏ సీసల నుంచి వచ్చిందో గూడ ఎరికే. ఎందుకంటే నువ్వు తిరగలే, ఆమె తిరగలే. నీ ఇంట్ల ఎట్లొచ్చిందో తెలిసిన మనిషివి, నా ఇంట్ల ఎట్లొచ్చిందో నీకు తెల్వదా?”

ఉపేందర్‌రావు టేబుల్ తిరిగి ఆమె దగ్గరికి వచ్చాడు. గొంతు బాగా తగ్గించాడు. “సమ్మవ్వా, నీకు దండం పెడుత. జర బయటికి రా, మాట్లాడుకుందం. నీకేం కావాల్నన్నా చేస్త. అది ఏ జబ్బో ఆమెకు తెలిస్తే గుండె పగిలి సస్తది.”

“నా పెనిమిటి దూపకు నీళ్లడిగి సచ్చిండు,” అంది సమ్మవ్వ. “నేను ఇయ్యలే. నీ మాట నమ్మి ఇయ్యలే. గప్పుడు లేని ఫికర్ గిప్పుడు ఏడికెళ్లి వచ్చింది సారు?”

“నాకు ఏం తెలిస్తే?” దేవకి అడిగింది. “నన్నే అంటున్నరు గదా. ఏంది తెల్వకూడనిది?”

ఉపేందర్‌రావు భార్య వైపు ఒక అడుగు వేశాడు. మనోరమ అన్నకు అడ్డం వచ్చి నిలబడింది.

సమ్మవ్వ కుర్చీ లాగి దేవకిని కూర్చోబెట్టింది. తను నేల మీద, ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. రెండేళ్లుగా ఆమె కోరుకున్నది ఇదే. ముంచినవాడు నోరు మూసుకుని నిలబడాలి, తను చెప్పాలి. ఆమె చెప్పింది. తన కాన్పు, ఆ సీసా, రేకుల కింది మంచం, కర్రతో జరిపిన పళ్లెం, దూప. ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆమె కళ్లు ఉపేందర్‌రావు మీదే ఉన్నాయి. ప్రతి మాటకూ ఆయన ముఖం ఎలా కుంగుతోందో చూసి మరో మాట అంది.

దేవకి ఏడవలేదు. విన్నంతా విని, మెడ మీది మచ్చల్ని ఒకసారి తడుముకుంది. అప్పుడు సమ్మవ్వ ఊహించని మాట అడిగింది. అడిగింది సమ్మవ్వను కాదు, మొగుణ్ణి.

“నాకు సీస ఎక్కించినంక బాబుకు రెండేండ్లు పాలిచ్చిన నేను. వాన్ని పరీక్ష చేయించినవా?”

సమ్మవ్వ ముఖంలోని కసి ఒక్కసారిగా ఎటుపోవాలో తెలియక ఆగిపోయింది.

“చేయించిన,” అన్నాడు ఉపేందర్‌రావు.

“ఏమొచ్చింది?”

ఆయన చెల్లెలి వైపు చూశాడు. తర్వాత, ఆ మాట దేవకికి చెప్పటానికి ఆ గదిలో ఇంకెవరూ దిక్కు లేనట్టు, సమ్మవ్వ వైపు చూశాడు.